మంచు ట్రెక్‌కి శాటిలైట్ కమ్యూనికేటర్: బావ తెస్తానన్నా నేనెందుకు వద్దన్నానంటే

పోయిన జనవరిలో మా అమ్మ రెండు రోజుల్లో నాకు 43 సార్లు ఫోన్ చేసింది. ఒక్కటీ కలవలేదు. మేం సాంక్రి ఊళ్లోకి దిగాక ఆ మిస్డ్ కాల్ అలర్ట్‌లన్నీ ఒకేసారి టింగ్ టింగ్‌మంటూ వచ్చి పడ్డాయి. మొదటిది చూసి నవ్వుకున్నా. పదిహేనోదానికి నవ్వు పోయింది. ఆఖరి కాల్ తెల్లారి మూడున్నరకి. అంటే అమ్మ ఆ రాత్రి నిద్రపోలేదు.

ఆ రెండు రోజుల తర్వాత మా ఇంట్లో మొదలైన చర్చే ఈ ఆర్టికల్. సింపుల్‌గా చెప్పాలంటే: సిగ్నల్ లేని మంచు కొండల్లోకి వెళ్లేవాడు ఏ శాటిలైట్ కమ్యూనికేటర్ కొనాలి? మామూలుగా ఈ సైట్‌లో ఇలాంటి ప్రశ్నకి ఐదు మోడల్స్, ప్లస్‌లు, మైనస్‌లు, చివర్లో ఒక విన్నర్ ఉంటాయి. నేనూ అలాగే మొదలుపెట్టా. నెల రోజులు కూర్చుని స్పెక్స్ చదివా. ఆఖరికి తేలిందేంటంటే, ఇండియాలో ఈ ప్రశ్నకి జవాబు గాడ్జెట్ దగ్గర లేదు. ఎందుకో చెప్తా.

ఆ రాత్రి ఏం జరిగింది

మేం ముగ్గురం, అందరం నాగోల్ వాళ్లమే. ఒకడు నా స్కూల్ దోస్తు, ఇంకొకడు వాడి ఆఫీస్ ఫ్రెండ్. వీకెండ్స్‌లో భువనగిరి కోట బండ ఎక్కడం, దిగి చాయ్ తాగడం, అదీ మా అనుభవం. ఆ ధైర్యంతో ఉత్తరాఖండ్‌లో కేదార్‌కంఠ బుక్ చేశాం. సుమారు 3,800 మీటర్ల ఎత్తు. డెహ్రాడూన్ నుంచి సాంక్రికి రోజంతా ప్రయాణం, అక్కడి నుంచి నడక. జనవరిలో పైన అంతా మంచే. "బిగినర్స్ ట్రెక్" అని అందరూ అంటారు. నిజమే, ఏమీ కానంతవరకూ బిగినర్స్ ట్రెక్కే.

బేస్ క్యాంప్‌కి చేరిన సాయంత్రం మా దోస్తుకి తలనొప్పి మొదలైంది. రాత్రి తొమ్మిదికి వాంతులు. ఎత్తు మీద గాలి పల్చబడితే ఒంటికి పడకపోవడం మామూలే. తగ్గకపోతే చేయాల్సిన పని కూడా ఒక్కటే, కిందికి దింపెయ్యాలి. కానీ బయట మంచు కురుస్తోంది, వాడు నిలబడలేకపోతున్నాడు. ఫోన్లలో సిగ్నల్ సాంక్రి దాటినప్పుడే పోయింది. గైడ్ దగ్గర వాకీటాకీ ఉంది. అది కింద క్యాంప్ దాకా అందాలి, మధ్యలో గుట్ట అడ్డం. గరగర తప్ప ఏం వినపడలేదు. ఆఖరికి ఒక పోర్టర్ అన్న తలకి టార్చ్ కట్టుకుని, మంచులోనే నడుచుకుంటూ కిందికి పోయాడు. తెల్లారేసరికి నలుగురు మనుషులతో తిరిగొచ్చాడు. అందరం కలిసి మా వాడిని దించాం. వెయ్యి అడుగులు దిగగానే వాడు "ఆకలైతుంది మామా" అన్నాడు. కథ సుఖాంతం.

కానీ ఒక విషయం మర్చిపోలేను. ఆ పోర్టర్ అన్న బయలుదేరిన తర్వాత ఐదారు గంటలు మాకు ఏమీ తెలియదు. ఆయన చేరాడా, జారిపడ్డాడా, సాయం వస్తుందా, రాదా. ఇటు నాగోల్‌లో అమ్మకీ అంతే. నేను "సాయంత్రం ఆరుకల్లా ఫోన్ చేస్తా" అని చెప్పి పోయా. ఆ మాటే తప్పు. ఆరు దాటిన నిమిషం నుంచి ఆమె లెక్క మొదలైంది.

అప్పుడే డాలస్‌లో ఉన్న మా బావకి విషయం తెలిసింది. ఆయన ఒకటే అన్నారు: "బామ్మర్దీ, డిసెంబర్‌లో ఇండియా వస్తున్నా, ఇన్‌రీచ్ ఒకటి తెస్తా. ఇంకోసారి మీ అక్కని ఇలా ఏడిపించకు."

ముందు స్పెక్స్ మాట్లాడుకుందాం

సరే, బావ తెస్తానన్నాక నేను ఊరుకుంటానా? ఏది తెప్పించుకోవాలా అని లిస్ట్ వేశా. అమెరికాలో, కెనడాలో ఉన్న మన వాళ్లు కొలరాడో, వాషింగ్టన్ వైపు చలికాలంలో హైకింగ్‌కి వెళ్తుంటే ఈ భాగం మీకు నేరుగా పనికొస్తుంది.

మొదట చూడాల్సింది నెట్‌వర్క్. గార్మిన్ ఇన్‌రీచ్ మోడల్స్, జోలియో రెండూ ఇరిడియం మీద నడుస్తాయి. 66 శాటిలైట్లు దాదాపు 780 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతూ ధ్రువాల దాకా భూమి మొత్తాన్ని కవర్ చేస్తాయి. అవి కదులుతుంటాయి కాబట్టి లోయలో ఉన్నా కాసేపు ఆగితే ఏదో ఒకటి నెత్తి మీదికి వస్తుంది. ఇన్‌మార్‌శాట్ శాటిలైట్లు అలా కాదు. భూమధ్యరేఖ మీద దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఒకేచోట ఉంటాయి. మనకి అవి దక్షిణం దిక్కున కనపడాలి. మీరు కొండకి ఉత్తరం వైపు వాలులో ఉంటే, ఆ కొండే అడ్డం. ఎంతసేపు ఆగినా లాభం లేదు, మీరే కదలాలి.

రెండోది, మాట ఒకవైపా, రెండువైపులా? పీఎల్‌బీ అనే బీకన్లు 406 మెగాహెర్ట్జ్‌లో అంతర్జాతీయ కోస్పాస్-సార్‌శాట్ వ్యవస్థకి కేక వేస్తాయి. నెలనెలా చందా లేదు, పవర్ ఎక్కువ, బ్యాటరీ ఏళ్ల తరబడి నిలవ ఉంటుంది. ప్రాణం మీదికొస్తే చాలా నమ్మకమైన వస్తువు. కానీ "లేటవుతుంది, బాగానే ఉన్నాం" అని అమ్మకి చెప్పలేదు. ఇన్‌రీచ్, జోలియోలు చెప్తాయి, జవాబూ తెస్తాయి. నా 43 మిస్డ్ కాల్స్‌కి మందు ఎస్ఓఎస్ కాదు, ఆ ఒక్క మామూలు మెసేజ్.

మూడోది చలి. లిథియం అయాన్ బ్యాటరీ గడ్డకట్టే చలిలో చేతులెత్తేస్తుంది. నా ఫోన్ 60 శాతం చూపిస్తూనే ఆఫ్ అయిపోయింది. అందుకే మెసేజ్ టైప్ చేయడానికి పూర్తిగా ఫోన్ మీద ఆధారపడే పరికరం చలికాలానికి కాస్త వీక్. జోలియో దాదాపు అలాంటిదే. దాంట్లో ఎస్ఓఎస్, "బాగున్నా" బటన్లు ఉన్నాయి కానీ, సొంత మాటలు రాయాలంటే ఫోన్ యాప్ కావాలి. ఇన్‌రీచ్ మినీ 2 బరువు 100 గ్రాములే, ఫోన్ చచ్చిపోయినా దాని బటన్లతోనే తిప్పలు పడి మెసేజ్ రాయొచ్చు. పది నిమిషాలకోసారి లొకేషన్ పంపినా 14 రోజుల దాకా వస్తుందని కంపెనీ లెక్క. చలిలో అంత రాదు అనుకోండి, అయినా వారం ట్రెక్‌కి ధోకా లేదు. గ్లవ్స్‌తో నొక్కగలిగే నిజమైన ఎస్ఓఎస్ బటన్ ఉంది. టచ్ స్క్రీన్ మీద ఉంటే మంచులో అది లేనట్టే లెక్క.

మరి ఐఫోన్ సంగతి? ఐఫోన్ 14 నుంచి శాటిలైట్ ఎస్ఓఎస్ ఉంది. 2022 నవంబర్‌లో అమెరికా, కెనడాలో మొదలై చాలా దేశాలకి వెళ్లింది. పిక్సెల్ 9 కూడా 2024లో అమెరికాలో ఇదే దారి పట్టింది. 2025లో యాపిల్ వాచ్ అల్ట్రా 3, గార్మిన్ ఫీనిక్స్ 8 ప్రో వాచీల్లోకీ వచ్చేసింది. అక్కడ తేలికైన డే హైక్‌కి ఫోన్ చాలు. రాత్రి మంచులో పడుకునే ట్రిప్ అయితే వేరే బ్యాటరీతో వేరే పరికరం ఉండాలి. ఫోన్ మ్యాప్‌కీ, కెమెరాకీ, టార్చ్‌కీ వాడేసి, ఆఖరికి ప్రాణానికీ అదే అంటే కుదరదు.

సో, అమెరికాలో ఉండుంటే నా విన్నర్ ఇన్‌రీచ్ మినీ 2. ఆర్టికల్ ఇక్కడితో అయిపోయేది.

నాగోల్‌లో కూర్చుంటే సీన్ వేరే

ఇండియాలో పర్మిషన్ లేకుండా శాటిలైట్ ఫోన్ గానీ, ఇన్‌రీచ్ లాంటి కమ్యూనికేటర్ గానీ దగ్గర పెట్టుకోవడమే నేరం. వాడితే కాదు, దగ్గర ఉంటేనే. 1885 టెలిగ్రాఫ్ చట్టం, 1933 వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం కాలం నుంచి ఇదే మాట. వాటి స్థానంలో వచ్చిన 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టంలోనూ రేడియో పరికరానికి అనుమతో, ప్రత్యేక మినహాయింపో ఉండాల్సిందే. 2008 ముంబై దాడుల్లో టెర్రరిస్టులు శాటిలైట్ ఫోన్ వాడారు. ఆ తర్వాత ఈ విషయంలో ప్రభుత్వం అసలు తగ్గలేదు. తురాయా, ఇరిడియం నెట్‌వర్క్‌లకి ఇక్కడ దారే లేదు. గార్మిన్ సంస్థ కూడా ఇన్‌రీచ్ మీద ఆంక్షలున్న దేశాల జాబితాలో ఇండియా పేరు పెట్టింది.

ఇది పేపర్ మీది రూల్ మాత్రమే అనుకుంటే పొరపాటు. 2024 డిసెంబర్‌లో కెనడా నుంచి వచ్చిన ఒక రన్నర్ గోవా ఎయిర్‌పోర్ట్‌లో బ్యాగ్ స్కానర్ దగ్గర ఇన్‌రీచ్ మినీని మామూలుగా ట్రేలో పెట్టారు. దాచలేదు, దొంగచాటుగా తేలేదు. అక్కడే ఆపేశారు, పోలీసులు, కోర్టు దాకా పోయింది. అలాంటి కేసులు ఇంకొన్ని వార్తల్లోకి వచ్చాయి. బావ తెచ్చే బ్యాగ్ కూడా శంషాబాద్‌లో అలాంటి స్కానర్ గుండానే రావాలి.

నేను ఇది చెప్తే బావ ఒప్పుకోలేదు. "ఎవరు చూస్తారు రా? సాక్స్‌లో చుట్టి పెట్టేస్తా. కొండ మీద ప్రాణం పోతుంటే చట్టం పుస్తకం తెరుస్తావా?" అన్నారు. ఆయన కోపంలో న్యాయం ఉంది. నిజం చెప్పాలంటే ఆ రాత్రి టెంట్‌లో నా చేతిలో ఆ నారింజ రంగు డబ్బా ఉండి ఉంటే, నేను మొదటి వాంతికే బటన్ నొక్కేవాడిని. చట్టం గుర్తొచ్చేది కాదు. ఎవరైనా నొక్కితే వాళ్లని తప్పుపట్టే మనిషిని కాను.

అయినా వద్దన్నా. మూడు కారణాలు.

ఒకటి, ఎస్ఓఎస్ నొక్కాక ఏం జరుగుతుందో ఆలోచించండి. ఇన్‌రీచ్ మెసేజ్ గార్మిన్ రెస్పాన్స్ సెంటర్‌కి పోతుంది. వాళ్లు హెలికాప్టర్ పంపరు. మీరున్న చోట అధికారం ఎవరిదో వాళ్లకి ఫోన్ చేస్తారు. ఇక్కడ అంటే పోలీసులు, ఎస్‌డీఆర్‌ఎఫ్, కొన్నిచోట్ల ఆర్మీ. అంటే మిమ్మల్ని కాపాడటానికి వచ్చే మనిషికే, మీ దగ్గర నిషేధిత పరికరం ఉందని మీరే కబురు పంపినట్టు.

రెండు, మనం వెళ్లే చోట్లు చూడండి. కేదార్‌కంఠ ఉత్తరకాశీ జిల్లా. కువారీ పాస్, బ్రహ్మతాల్ చమోలీ జిల్లా. చాదర్ లద్దాఖ్. అన్నీ సరిహద్దు ప్రాంతాలు. అక్కడ గుర్తు తెలియని శాటిలైట్ సిగ్నల్‌ని ఎవరూ లైట్ తీసుకోరు.

మూడోది నాకు అన్నిటికంటే పెద్దది. దొరికితే నేను ఫ్లైట్ ఎక్కి నాగోల్ వచ్చేస్తా, లాయర్‌ని పెట్టుకుంటా. కానీ నా గ్రూప్‌ని తీసుకెళ్లిన గైడ్ ఆ ఊరివాడు. ఆ సీజన్ మీదే వాడి ఇల్లు నడుస్తుంది. మొదటి ప్రశ్న వాడినే అడుగుతారు. ఆ రాత్రి మంచులో నడిచిపోయిన పోర్టర్ అన్నకి నేను చేసే మర్యాద అదా?

మరి లీగల్‌గా ఏముంది?

ఉంది, కానీ మన జేబుకీ ఓపికకీ అందేలా లేదు. 2017 మే నెలలో బీఎస్ఎన్ఎల్ ఇన్‌మార్‌శాట్‌తో కలిసి శాటిలైట్ ఫోన్ సర్వీస్ మొదలుపెట్టింది. మొదట ప్రభుత్వ సంస్థల కోసం. ఐశాట్‌ఫోన్ 2 అనే హ్యాండ్‌సెట్, 318 గ్రాములు, మైనస్ 20 డిగ్రీల దాకా పనిచేసేలా చేశారు. వస్తువు బాగుంటుంది. కానీ టెలికాం శాఖ అనుమతి తీసుకుని, కాగితాలన్నీ పెట్టి తీసుకోవాలి. ఒక పెద్ద పర్వతారోహణ బృందానికి సరే, వారం లీవ్ పెట్టుకుని వెళ్లే ముగ్గురు కుర్రాళ్లకి కాదు.

"రేపోమాపో ఫోన్లలోకే వస్తుంది కదా" అంటారా? 2024 అక్టోబర్‌లో ఇండియా మొబైల్ కాంగ్రెస్ టైమ్‌లో బీఎస్ఎన్ఎల్, వయాశాట్ కలిసి మామూలు ఆండ్రాయిడ్ ఫోన్ నుంచి శాటిలైట్ మెసేజ్, ఎస్ఓఎస్ పంపి చూపించాయి. 2025 జూన్‌లో స్టార్‌లింక్‌కి టెలికాం శాఖ లైసెన్స్ ఇచ్చింది, కానీ అది డిష్ పెట్టుకునే ఇంటర్నెట్, జేబులో పట్టదు. డెమో వేరు, బేస్ క్యాంప్‌లో రాత్రి తొమ్మిదికి పనిచేయడం వేరు. కాబట్టి "శాటిలైట్ సపోర్ట్" అన్న ఒక్క లైన్ చూసి ఇప్పుడు ఇక్కడ ఫోన్ కొనకండి. ఇండియాలో ఐఫోన్ కొంటే ఆ ఫీచర్ ఫోన్‌లో ఉంటుంది, ఇక్కడ మాత్రం నోరు మెదపదు.

టీమ్ లోపల మాట్లాడుకోవడానికి మాత్రం కొన్ని దారులున్నాయి. 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే తక్కువ పవర్ వాకీటాకీలకి 2018 రూల్స్ ప్రకారం లైసెన్స్ అక్కర్లేదు, పరికరానికి టైప్ అప్రూవల్ ఉండాలి. జాగ్రత్త, ఆన్‌లైన్‌లో అమ్మేవన్నీ ఈ బ్యాండ్‌వి కావు. ఫ్రీక్వెన్సీ, లైసెన్స్ వివరాలు చెప్పకుండా అమ్ముతున్నారని 2025 మేలో వినియోగదారుల రక్షణ అథారిటీ 13 ఈ-కామర్స్ ప్లాట్‌ఫామ్‌లకి నోటీసులిచ్చింది. 865 నుంచి 868 బ్యాండ్‌లో లోరా పరికరాలు కూడా ఉన్నాయి, ఫోన్‌కి బ్లూటూత్‌తో కలిపి సిగ్నల్ లేకుండానే చిన్న మెసేజ్‌లు పంపుకోవచ్చు. టింకరింగ్ ఇష్టమున్నోళ్లకి మంచి ప్రాజెక్ట్. కానీ ఈ రెండూ కొండ దాటవు. క్యాంప్ నుంచి క్యాంప్‌కే, అదీ మధ్యలో గుట్ట లేకపోతేనే.

ఇంకా సీరియస్‌గా ఉన్నోళ్లకి హ్యామ్ రేడియో. సోమాజిగూడలోనే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది. 12 ఏళ్లు దాటిన ఎవరైనా పరీక్ష రాసి లైసెన్స్ తెచ్చుకోవచ్చు. నాగోల్ నుంచి మెట్రో ఎక్కితే పోయొచ్చే దూరం.

జాలరికి ఉన్న బటన్ మనకెందుకు లేదు?

ఇక్కడ నాకు కోపం వచ్చే పాయింట్ ఒకటుంది. "శాటిలైట్ ఎస్ఓఎస్ సామాన్యుడి చేతికిస్తే దేశభద్రత ఏం కావాలి" అంటారు. కానీ మన దేశం ఆ బటన్‌ని సామాన్యుడి చేతికి ఎప్పుడో ఇచ్చింది. సముద్రంలో.

ఇస్రో తయారుచేసిన డిస్ట్రెస్ అలర్ట్ ట్రాన్స్‌మిటర్ 2010 నుంచి వాడకంలో ఉంది. జాలరి బటన్ నొక్కితే పడవ ఎవరిది, ఎక్కడుంది అనేది శాటిలైట్ ద్వారా కంట్రోల్ సెంటర్‌కి, అక్కడి నుంచి కోస్ట్ గార్డ్‌కి పోతుంది. ఇస్రో లెక్క ప్రకారమే 20 వేలకి పైగా వాడకంలో ఉన్నాయి. 2024 జనవరిలో రెండో తరం వచ్చింది. దీంట్లో "మీ మెసేజ్ అందింది" అని పడవకి తిరిగి కబురొస్తుంది. బ్లూటూత్‌తో ఫోన్‌కి కలుపుకుని సొంత భాషలో మెసేజ్ చదువుకోవచ్చు. ఆ రాత్రి టెంట్‌లో మాకు లేనిది సరిగ్గా అదే. సాయం ఎంత లేటైనా పర్లేదు, అందింది అన్న ఒక్క మాట.

ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలా? మన హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ ఉంది, సముద్రం లేని ఊళ్లో సముద్ర సమాచార కేంద్రం. వాళ్లు, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి 2019లో జెమినీ అనే చిన్న డబ్బా తెచ్చారు. తుఫాను హెచ్చరికలు గగన్ శాటిలైట్ నుంచి పడవలోని ఫోన్‌కే వస్తాయి. అది ఒకవైపు మాటే, వినడమే తప్ప పంపడం లేదు. అయినా తీరానికి దూరంగా ఉన్నోడికి "వెనక్కి రా" అని చెప్పగలగడం చిన్న విషయం కాదు.

అంటే టెక్నాలజీ మన దగ్గరుంది. శాటిలైట్ మనదే. సెక్యూరిటీ చిక్కు కూడా తేలిపోయింది, ఎందుకంటే ప్రతి పరికరం ఎవరి పేరు మీద ఉందో సర్కారుకి తెలుసు. మరి అదే బటన్ కొండకెందుకు రాకూడదు?

నేనడిగేది పెద్ద కోరిక కాదు. ఇన్‌రీచ్‌ని షాపుల్లో అమ్మనియ్యమనట్లేదు. కేదార్‌కంఠకి వెళ్లేముందు అటవీ శాఖ దగ్గర ఎలాగూ పేరు రాయించుకుని, ఫీజు కట్టి పర్మిట్ తీసుకుంటాం. అక్కడే గ్రూప్‌కి ఒక రిజిస్టర్డ్ ఎస్ఓఎస్ డబ్బా అద్దెకివ్వండి. ఆధార్ తీసుకోండి, డిపాజిట్ తీసుకోండి, దిగాక వెనక్కి తీసుకోండి. వాయిస్ వద్దు, ఇంటర్నెట్ వద్దు. మూడే మెసేజ్‌లు చాలు: బాగున్నాం, లేటవుతాం, సాయం కావాలి. ప్రజల అవసరం కోసం మినహాయింపులు ఇచ్చే అధికారం 2023 చట్టంలోనే ప్రభుత్వానికి ఉంది.

ఇది ఎంత అవసరమో తెలియాలంటే 2024 జూన్ చాలు. ఉత్తరకాశీ వైపు సహస్రతాల్ ట్రెక్‌లో కర్ణాటక నుంచి వెళ్లిన 22 మంది బృందం తిరుగు దారిలో మంచు తుఫానులో చిక్కుకుంది. తొమ్మిది మంది చనిపోయారు. కబురు బయటికి రావాలంటే ఒకరు సిగ్నల్ దొరికేచోటికి నడిచి వెళ్లాల్సి వచ్చింది. బెంగళూరు బదులు హైదరాబాద్ బ్యాచ్ అయ్యుంటే? మన నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్ బాబునే తీసుకోండి. 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలు ఎక్కిన మనిషి. 2015 మార్చి 24న ఆండీస్ పర్వతాల్లో ఆయనతో కాంటాక్ట్ తెగిపోయింది. ఎన్నో దేశాల ఫ్రెండ్స్ కలిసి వెతికితే ఏప్రిల్ మొదటి వారంలో ఆయన దేహం దొరికింది. అంత అనుభవం ఉన్నవాడి కోసం కూడా ఇంట్లోవాళ్లు పది రోజులు ఏమీ తెలియక ఎదురుచూశారు. డబ్బా ఉంటే అందరూ బతికిపోతారని నేననను. మంచు తుఫానులో హెలికాప్టర్ ఎగరదు. కానీ ఎక్కడ వెతకాలో తెలియడానికీ, తెలియకపోవడానికీ తేడా చాలా ఉంది.

ఈ డిసెంబర్‌కి నా ఛాయిస్

రూల్ మారేదాకా ఇంట్లో కూర్చోలేం కదా. మళ్లీ వెళ్తున్నాం, ఈసారి బ్రహ్మతాల్. గాడ్జెట్ బదులు ఈసారి మనుషుల్ని సెలెక్ట్ చేశా. బుక్ చేసేముందు ట్రెక్ ఆర్గనైజర్లని ఇవే ప్రశ్నలు అడిగా, మీరూ అడగండి:

పై క్యాంప్ నుంచి రోడ్డు దాకా కబురు ఎలా వెళ్తుంది, ఎంతసేపట్లో? మీ రేడియో సెట్లకి లైసెన్స్ ఉందా? మధ్యలో గుట్ట అడ్డమైతే ఇంకో సెట్‌తో మనిషిని ఎక్కడ నిలబెడతారు? క్యాంప్‌లో ఆక్సిజన్ ఉందా, పల్స్ ఆక్సీమీటర్‌తో రోజూ చూస్తారా? రాత్రి ఒకరిని కిందికి దించాలంటే ఎంతమంది స్టాఫ్ ఉంటారు?

నేను అడిగిన మొదటి ఇద్దరూ "ఏం కాదు సర్, ఈజీ ట్రెక్" అన్నారు. మూడోవాళ్లు పేపర్ మీద గీసి మరీ చూపించారు. రేటు రెండున్నర వేలు ఎక్కువ. వాళ్లతోనే వెళ్తున్నాం. ఇన్‌రీచ్ ధర ముందు ఈ రెండున్నర వేలు లెక్కే కాదు.

మిగతాది చిన్న చిన్న జాగ్రత్తలు. ఆఫ్‌లైన్ మ్యాప్ ముగ్గురి ఫోన్లలోనూ ఉండాలి. జీపీఎస్‌కి సిగ్నల్ అక్కర్లేదు, వినడమే కాబట్టి పర్మిషన్ గొడవా లేదు. ఒక ఫోన్ ఎప్పుడూ ఆఫ్ చేసి జాకెట్ లోపల ఒంటికి ఆనించి ఉంచాలి, రాత్రి పవర్ బ్యాంక్‌తో పాటు స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టుకోవాలి. ముగ్గురూ ఒకే కంపెనీ సిమ్ పెట్టుకోకూడదు. మీ సిమ్‌కి టవర్ లేకపోయినా వేరే కంపెనీ టవర్ అందితే 112కి కాల్ వెళ్తుంది, ప్రయత్నించకుండా వదలకండి.

అన్నిటికంటే ముఖ్యమైనది కాగితం. ఫ్రిజ్ మీద అంటించా. ఏ రోజు ఎక్కడ ఉంటాం, ఏ రోజులు ఫోన్ అసలు కలవదు, గైడ్ నంబర్, సాంక్రి బదులు ఈసారి లోహాజంగ్‌లో ఆర్గనైజర్ ఆఫీస్ నంబర్. కింద పెద్ద అక్షరాలతో ఒక తేదీ, టైమ్: "దీని తర్వాత కూడా ఫోన్ రాకపోతేనే ఈ నంబర్‌కి చెయ్యి. అంతకుముందు భయపడకు."

అమ్మ దాన్ని రెండుసార్లు చదివి, "ఇది పోయినసారే పెట్టి పోతే ఏమైతుండె రా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

బావకి మెసేజ్ పెట్టా: "ఇన్‌రీచ్ అక్కడే మీ దగ్గర ఉంచండి బావా, మీరు అక్కతో కొలరాడో వెళ్లినప్పుడు పనికొస్తుంది. నాకు మంచి ఊలు గ్లవ్స్ తెండి." ఆయన కోపం ఇంకా పూర్తిగా పోలేదు. రిప్లైలో ఒక బొటనవేలు ఎమోజీ మాత్రమే వచ్చింది.